వరంగల్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు: పట్వారీ మాట నుంచి ఈ-పాస్ దాకా

పై చదువులకు ప్రభుత్వం చేసే సాయాన్ని వరంగల్ విద్యార్థులు రెండు పొడి పేర్లతో పిలుస్తారు: ఎంటీఎఫ్, ఆర్‌టీఎఫ్. మొదటిది తిండికీ బసకూ ఇచ్చే ఉపకార వేతనం. రెండోది కాలేజీకి కట్టాల్సిన ఫీజును ప్రభుత్వమే భరించే ఫీజు రీయింబర్స్‌మెంట్. వీటిలో ఉపకార వేతనం పాతది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇప్పటి రూపంలో 2008 తర్వాతది. ఈ సాయం చరిత్రను చెప్పేటప్పుడు ఎంత డబ్బు ఇచ్చారన్నది మాత్రమే చూస్తే సగం కథే తెలుస్తుంది. కుటుంబం పేదదని ఎవరు రాసివ్వాలి, విద్యార్థి ఈ ప్రాంతం వాడేనని ఏ కాగితం చెబుతుంది, డబ్బు ఎవరి ఖాతాలో పడాలి అన్న మూడు ప్రశ్నలకు కాలానికో జవాబు వచ్చింది. జవాబు మారిన ప్రతిసారీ కొందరు లోపలికి వచ్చారు, కొందరు బయటే ఉండిపోయారు.

నిజాం పాలనలో వరంగల్‌కు ఇంటర్మీడియట్ కాలేజీ 1927లో వచ్చింది. ఇప్పటి హనుమకొండ సుబేదారిలోని యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీకి అదే మూలం. అప్పట్లో పై చదువు ఉర్దూలో సాగేది, అక్కడిదాకా వచ్చే పల్లెటూరి పిల్లలే తక్కువ. బ్రిటిష్ ఇండియాలో మాత్రం 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్, షెడ్యూల్డు కులాల ఉన్నత విద్యకు ఖజానా నుంచి డబ్బు ఇవ్వాలని వినతిపత్రం సమర్పించారు. దాని ఫలితంగా ఏటా 3 లక్షల రూపాయల కేటాయింపుతో 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. 1948లో దాన్ని షెడ్యూల్డు తెగలకూ వర్తింపజేశారు. దేశంలో ఇప్పటికీ నడుస్తున్న అతి పాత విద్యా సహాయ పథకాల్లో ఇది ఒకటి. హైదరాబాద్ సంస్థానం దీని పరిధిలో లేదు. సంస్థానం చివరి రోజుల్లో విద్యామంత్రిగా ఉన్న దళిత నాయకుడు బి.ఎస్. వెంకట్రావు పట్టుబట్టి అణగారిన కులాల చదువుకు కోటి రూపాయల నిధి ఏర్పాటు చేయించారు. ఇక్కడి దళిత విద్యార్థులకు మొదటి పెద్ద అండ అదే. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక కేంద్ర పథకం వరంగల్‌కూ చేరింది.

1959లో వరంగల్ చదువుల ఊరిగా మారడం మొదలుపెట్టింది. ఆ ఏడాది అక్టోబర్ 10న కాజీపేట దగ్గర రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైంది కూడా అదే ఏడాది. ప్రభుత్వ సంస్థల్లో ఫీజు తక్కువ. విద్యార్థికి అసలు బరువు హాస్టల్ మెస్ బిల్లు, పుస్తకాలు. ఆనాటి పథకాలన్నీ ఆ బరువు దించడానికి పుట్టినవే. 1961లో వచ్చిన జాతీయ ప్రతిభా ఉపకార వేతనం మార్కులను చూసి ఇచ్చేది. 1963లో వచ్చిన జాతీయ రుణ స్కాలర్‌షిప్‌ను ఉద్యోగం వచ్చాక వాయిదాల్లో తిరిగి కట్టాలి.

అర్హత అనే మాట వరంగల్ జిల్లాలో ఎంత బరువైనదో లంబాడీల ఉదంతం చెబుతుంది. మహబూబాబాద్, తొర్రూరు, నర్సంపేట ప్రాంతాల్లో తండాలు ఎక్కువ. కోస్తా, రాయలసీమల్లో సుగాలీలు, లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉండగా, తెలంగాణలో అదే జనం ఆ జాబితాకు బయట ఉన్నారు. జాబితాల్లోని ప్రాంతీయ హద్దులను తొలగిస్తూ పార్లమెంటు 1976లో చేసిన సవరణ చట్టం 1977 జూలైలో అమల్లోకి వచ్చాకే తెలంగాణ లంబాడీలకు ఎస్టీ హోదా దక్కింది. ఒక తండాలో అన్న చదివేనాటికి లేని స్కాలర్‌షిప్ తమ్ముడి నాటికి వచ్చింది. ఇంటి ఆదాయం మారలేదు, చేను మారలేదు, జాబితా మారింది. అదే జిల్లాలోని ఏటూరునాగారం, తాడ్వాయి కోయలకు మాత్రం జాబితాలో కొత్తగా చేరిన పెద్ద సమూహంతో పోటీ పెరిగిందన్న ఆవేదన అప్పటి నుంచే ఉంది. ఆ ఆవేదన నిరాధారం కాదు. సీట్లు పరిమితం, పోటీపడే వారి సంఖ్య పెరిగింది.

వెనుకబడిన తరగతుల జాబితాకు ఇంతకంటే ఎక్కువ ఒడిదొడుకులు ఎదురయ్యాయి. 1960లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తయారుచేసిన జాబితాను హైకోర్టు కొట్టేస్తే, 1968లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే సమర్థించింది. దాంతో వేసిన కమిషన్ 1970లో నివేదిక ఇచ్చింది. అనంతరామన్ కమిషన్‌గా జనానికి గుర్తున్నది అదే. దాని ఆధారంగా 1970 సెప్టెంబర్‌లో వచ్చిన 1793 జీవో బీసీలను ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా విడగొట్టింది. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాల వారు సీ గ్రూపులోకి వెళ్లారు. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ అనే మరో గ్రూపు వచ్చింది. దరఖాస్తులో కులం గడి ఎదుట రాసే ఆ ఒక్క అక్షరం వెనక ఇన్నేళ్ల కోర్టు వాదనలున్నాయి.

స్థానికత నిబంధన మూలాలు నిజాం కాలపు ముల్కీ నియమాల్లో ఉన్నా, విద్యార్థులకు సంబంధించినంతవరకు అసలు పునాది 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఒక ప్రాంతంలో చదివినవారు అక్కడి స్థానికులవుతారు. సీట్లలో 85 శాతం వారివే. ఈ ఉత్తర్వు వచ్చిన రెండేళ్లకు, 1976 ఆగస్టులో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకుముందు అది ఉస్మానియాకు పీజీ కేంద్రం. వరంగల్‌తోపాటు ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలు పీజీ చదువుకు హనుమకొండ చేరడం, స్కాలర్‌షిప్ సెక్షన్ అనేది ప్రతి కాలేజీలో రద్దీగా ఉండే గది కావడం ఆ తర్వాతి దశాబ్దంలోనే.

ఆ కాలపు దరఖాస్తు కాగితపుది. కాలేజీ గుమస్తా ఇచ్చిన ఫారం నింపి, కుల, ఆదాయ ధ్రువీకరణలు, మార్కుల మెమో నకలు జతచేయాలి. నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం, ముద్ర పడాలి. మొదటిసారి పెట్టేది ఫ్రెష్, పై ఏడాదికి పెట్టేది రెన్యూవల్. ఈ రెండు మాటలు నేటికీ మారలేదు. ప్రిన్సిపాల్ వాటన్నిటినీ కట్టగట్టి జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయానికి పంపేవాడు. మంజూరైన సొమ్ము కాలేజీకే వచ్చేది. అక్విటెన్స్ రిజిస్టరులో రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి విద్యార్థి నగదు తీసుకునేవాడు. చదువు ఏడాది ముగిసే సమయానికి డబ్బు వచ్చేది. మధ్యలో తిండి ఎలా గడవాలన్నది విద్యార్థి సొంత గొడవ.

ఆదాయ ధ్రువీకరణ అసలు ఎవరి చేతుల్లో ఉండేదన్నది ఇక్కడ ముఖ్యం. తాలూకా కచేరీలో తహసీల్దార్ సంతకం చేసినా, దాని వెనక ఊళ్లో పట్వారీ చెప్పిన మాట ఉండేది. పట్వారీ పదవి వంశపారంపర్యం. ఆ కుటుంబంతో పడని పాలేరు కొడుకుకు సర్టిఫికెట్ దొరకడం తేలికేం కాదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. 1985లో మండలాలు వచ్చి, తాలూకా కేంద్రానికి పోవాల్సిన పని మండల కేంద్రంలోనే జరగసాగింది. స్కాలర్‌షిప్ చరిత్ర రాసేవారు ఈ మార్పును సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. పేద విద్యార్థి మాత్రం ఏ సంక్షేమ జీవోకూ తీసిపోని మేలు దీనివల్ల పొందాడు. కుల ధ్రువీకరణకు 1993లో ప్రత్యేక చట్టం, 1997లో నియమాలు వచ్చాయి. తప్పుడు సర్టిఫికెట్‌తో సాయం పొందితే శిక్ష అన్నది అప్పటి నుంచి చట్టంలో భాగం.

మరోవైపు చదువు ధర మారింది. వరంగల్‌లో 1980లో కాకతీయ సాంకేతిక, విజ్ఞాన సంస్థ మొదలైంది. అందరూ కిట్స్ అంటారు. ప్రైవేటు వృత్తివిద్యకు ఇక్కడ అది తొలి మెట్టు. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు సీట్లను రెండుగా విడగొట్టింది. సగం ఫ్రీ సీట్లు, వాటికి ప్రభుత్వ కాలేజీ ఫీజే. మిగతా సగం పేమెంట్ సీట్లు. డబ్బు కట్టేవాడి ఫీజుతో ర్యాంకు తెచ్చుకున్నవాడు చదవాలన్నది ఆ ఏర్పాటు. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు దాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత ర్యాంకు ప్రకారం నింపే కన్వీనర్ కోటాలో సీటు వచ్చినా ఫీజు కమిటీ ఖరారు చేసిన మొత్తం కట్టాల్సిందే. అప్పటికే బొల్లికుంట, అనంతసాగర్, నర్సంపేట దారుల్లో ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్నాయి. సీటు దొరకడం తేలికైంది, ఫీజు కట్టడం కష్టమైంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ ఇరుకులోంచి పుట్టింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఫీజు చెల్లింపు అంతకుముందూ ఉంది. బీసీలకు ఉన్న సాయం పరిమితమైనది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008-09లో అర్హులైన ప్రతి ఒక్కరికీ ఇవ్వాలన్న పద్ధతికి మారింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగ విద్యార్థులతోపాటు అగ్రవర్ణ పేదలనూ మరుసటి ఏడాది ఈబీసీ పేరుతో చేర్చింది. బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి లక్ష రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 2010 నుంచి 2 లక్షలు. కులం, ఆదాయం, కన్వీనర్ కోటా సీటు ఉంటే చాలు, పిల్లవాడు ఇంజనీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ ఏది చదివినా ఫీజు ప్రభుత్వానిదే. కూలి చేసుకునే ఇళ్లలో మొదటి ఇంజనీరు ఈ పథకం నీడలోనే తయారయ్యాడు. దాని మీద ఎన్ని విమర్శలున్నా ఈ ఒక్క మాట ఒప్పుకోవాల్సిందే.

లక్షల దరఖాస్తులు కాగితం మీద నడిచే పని కాదు. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ తయారుచేసిన ఈ-పాస్ ఈ సమయంలోనే వచ్చింది. విద్యార్థి పదో తరగతి హాల్ టికెట్ నంబరు, పాసైన ఏడాది, పుట్టిన తేదీ కొడితే పేరు, తండ్రి పేరు వాటంతటవే వస్తాయి. వాటిని మార్చే వీల్లేదు. పదో తరగతి మెమోలో ఇంటి పేరు ఒక అక్షరం తప్పు పడితే ఆ తప్పే పీజీ దాకా వెంట వస్తుంది. రేషన్ కార్డు, ఆదాయ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా నంబర్లు, ఆ తర్వాత ఆధార్ కూడా చేరాయి. డే స్కాలరా, కాలేజీ హాస్టలా, విద్యార్థులే నడుపుకునే హాస్టలా అన్నదాన్ని బట్టి ఎంటీఎఫ్ మారుతుంది. 2010 సవరణ తర్వాత కేంద్రం ఎస్సీలకు ఖరారు చేసిన రేట్లు చూస్తే, వృత్తివిద్యా కోర్సులో హాస్టల్ విద్యార్థికి నెలకు 1,200 రూపాయలు, డే స్కాలర్‌కు 550. ఇంటర్‌లో ఉన్నవారికి 380, 230. ఆన్‌లైన్‌లో నింపడంతో పని అయిపోదు. ప్రింటు తీసి, సర్టిఫికెట్ల జిరాక్సులు జతచేసి, ఆ హార్డ్ కాపీని కాలేజీలో ఇవ్వాలి. ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి అది జిల్లా సంక్షేమాధికారికి పోతుంది. తనిఖీ అధికారి కాలేజీకి వచ్చి చూస్తాడు. మంజూరయ్యాక బిల్లు ట్రెజరీకి చేరుతుంది, అక్కడ టోకెన్ నంబరు పడుతుంది. టోకెన్ పడ్డాక డబ్బు ఎప్పుడు వస్తుందన్నది ఖజానా దయ.

ఈ-పాస్ వల్ల ఒకే విద్యార్థి పేరు రెండు కాలేజీల్లో కనిపించడం, లేని విద్యార్థి పేరున డబ్బు తీయడం తగ్గాయి. నెట్ సెంటర్లు, 2011 నవంబర్‌లో మొదలైన మీసేవ కేంద్రాలు దరఖాస్తు దారిలో కొత్త మజిలీలయ్యాయి. వేలిముద్ర వేసి ధ్రువీకరించుకునే పని కూడా మీసేవకే చేరింది. నిబంధనలూ పెరిగాయి. 75 శాతం హాజరు ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్, దూరవిద్య విద్యార్థులకు వర్తించదు. సీటు పోతుందన్న తొందరలో స్పాట్‌లో చేరి, తర్వాత ఫీజు మొత్తం తామే కట్టాలని తెలుసుకున్న కుటుంబాలు తక్కువేం కాదు.

ఖర్చు పెరగడంతో 2012లో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం పగ్గం వేసింది. బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఇంజనీరింగ్ ఫీజులో 35 వేల వరకే ఇస్తామంది. ఎంసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వచ్చినవారికి, ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివి వచ్చిన కొన్ని వర్గాల వారికి పూర్తి ఫీజు. ఎస్సీ, ఎస్టీలకు ఎప్పటిలా పూర్తిగా. అప్పటిదాకా సాయానికి పేదరికమే కొలమానం. దానికి ర్యాంకు తోడైంది. నర్సంపేట దగ్గర చిన్న కాలేజీలో చేరేవారికి 35 వేలు సరిపోయేవి. హైదరాబాద్‌లోని పేరున్న కాలేజీలో సీటు వచ్చిన 15 వేల ర్యాంకు బీసీ విద్యార్థికి మాత్రం తేడా సొమ్ము అప్పే. ఆ 35 వేల గీత పదేళ్లు దాటినా కదల్లేదు, ఫీజులు మాత్రం మూడేళ్లకోసారి పెరుగుతూ వచ్చాయి.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక అర్హతను అన్నిటికంటే ఎక్కువ కుదిపిన ఉత్తర్వు 2014 జూలై 30 నాటి 36వ నంబరు జీవో. ఫీజు రీయింబర్స్‌మెంట్ స్థానంలో ఫాస్ట్ అనే పథకాన్ని తెచ్చి, 1956 నవంబర్ 1కి ముందు నుంచి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే సాయమని అది చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన అన్యాయానికి ఇది జవాబన్న భావన ఉద్యమ నేల మీద బలంగా ఉంది. కానీ తాత 1956లో ఇక్కడే ఉన్నాడని రుజువు చేయడమెలా? భూమి ఉన్న కుటుంబానికి 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పేరుంటుంది. భూమి లేని కూలీకి, ఊరూరా తిరిగిన సంచార కులాల వారికి ఏ రికార్డులోనూ పేరుండదు. తరతరాలుగా ఇక్కడే ఉన్నవారే ఎక్కువ ఇబ్బందిలో పడే నిబంధన అది. పత్తి సాగుకు కోస్తా నుంచి వచ్చి పరకాల, ములుగు వైపు స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడే చదివినా పరాయివారయ్యారు. హైకోర్టులో సవాళ్లు దాఖలయ్యాయి, ధర్మాసనం ఘాటుగా ప్రశ్నించింది. 2015 ఆరంభంలో ప్రభుత్వం ఫాస్ట్‌ను వదులుకుని పాత స్థానికత సూత్రానికే తిరిగి వచ్చింది. ఈ లోపు ఒక విద్యా సంవత్సరంలో చాలా భాగం గడిచిపోయింది.

తర్వాతి మార్పులు అంత చప్పుడు చేయలేదు. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలకు పెరిగింది. 2016లో విజిలెన్స్ బృందాలు కాలేజీలను తనిఖీ చేశాయి. ఆ ఏడాది దసరాకు పాత వరంగల్ జిల్లా అయిదు ముక్కలైంది, 2019లో ములుగు విడిపోయింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది. 2020 సెప్టెంబర్‌లో గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) పదవి రద్దుకావడంతో ఆదాయ విచారణ భారం రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ మీద పడింది. 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చేదాకా ఊళ్లో రెవెన్యూ అధికారి లేడు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద 2020లో అనంతసాగర్‌లోని ఎస్ఆర్ ఇంజనీరింగ్ కాలేజీ స్థానంలో ఎస్ఆర్ విశ్వవిద్యాలయం వచ్చింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు రీయింబర్స్‌మెంట్ లేదు కాబట్టి, అదే ఆవరణలో కొత్తగా చేరేవారికి ఆ సాయం లేకుండా పోయింది.

రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ 2002లో ఎన్‌ఐటీ అయింది. అక్కడి లెక్క పూర్తిగా వేరు. 2016లో ఎన్‌ఐటీల ట్యూషన్ ఫీజు ఏడాదికి 70 వేల నుంచి లక్షా 25 వేలకు పెరిగింది. ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు, లక్షలోపు ఆదాయం ఉన్నవారికి మొత్తం మాఫీ చేశారు. లక్ష నుంచి 5 లక్షల దాకా ఉన్నవారు మూడో వంతు కడితే చాలు. విదేశాలకు వెళ్లేవారికి అంబేడ్కర్, ఫూలే పేర్లతో ఓవర్సీస్ విద్యానిధులు, మైనారిటీలకు మరో పథకం వచ్చాయి. వాటికి ఆదాయ పరిమితి 5 లక్షలు.

అమెరికా చేరిన వరంగల్ విద్యార్థులకు అక్కడి ఫెడరల్ సాయం మామూలుగా దక్కదు. అది పౌరులకు, గ్రీన్‌కార్డు వంటి శాశ్వత హోదా ఉన్నవారికి పరిమితం. స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకు మాత్రం ఆ సాయానికి నింపే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఫారం పరిచయమే. వందకు పైగా ప్రశ్నలున్న ఆ ఫారాన్ని 2020 చట్టంతో సగం కంటే బాగా తగ్గించారు. ఆదాయం వివరాలు పన్ను శాఖ నుంచి నేరుగా వస్తాయి. అక్కడా కొత్త ఫారం 2023 డిసెంబర్ చివరిదాకా ఆలస్యమై కాలేజీలు, పిల్లలు అవస్థపడ్డారు. వరంగల్‌లో స్కాలర్‌షిప్ అడిగే కుటుంబాల్లో ఎక్కువమంది ఆదాయపు పన్ను రిటర్నులు వేసేవారు కారు. అందుకే ఇక్కడ తహసీల్దార్ సంతకానికి ప్రత్యామ్నాయం దొరకలేదు.

డబ్బు ఎవరి చేతికన్న ప్రశ్నకు మూడు జవాబులు పక్కపక్కనే నడిచాయి. తెలంగాణలో ఎంటీఎఫ్ విద్యార్థి ఖాతాకు, ఆర్‌టీఎఫ్ కాలేజీ ఖాతాకు. ఆంధ్రప్రదేశ్ 2020లో తెచ్చిన జగనన్న విద్యాదీవెన కింద ఫీజును తల్లి ఖాతాలో వేసింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే మళ్లించింది. కేంద్రం 2020 డిసెంబర్‌లో ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు అయిదేళ్లకు 59,048 కోట్లు ఖరారు చేసి, అందులో 60 శాతం తాను భరిస్తానంది. రాష్ట్రం తన 40 శాతం ముందు విడుదల చేయాలి, ఆ తర్వాత కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోకి వస్తుంది.

తెలంగాణలో టోకెన్లు పడి సొమ్ము రాని బిల్లులు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. కాలేజీకి రావాల్సింది ప్రభుత్వం దగ్గరుంటే, కోర్సు పూర్తిచేసిన విద్యార్థి టీసీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోతాయి. ఫీజు ముందు కట్టు, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి తీసుకో అన్నది చాలాచోట్ల వాడుకైంది. చేతిలో డబ్బు లేదనే కదా ఆ కుటుంబం సాయం అడిగింది. నిబంధనల ప్రకారం అర్హత సంపాదించినవాడికి సమయానికి సాయం అందకపోవడం, అర్హత లేదనడం కంటే ఏమాత్రం తక్కువ అన్యాయం కాదు. 2025 నవంబర్ ఆరంభంలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం రాష్ట్రమంతటా తరగతులు ఆపేశాయి. ప్రభుత్వంతో చర్చలు జరిగి, కొంత మొత్తం విడుదలకు హామీ వచ్చాక కాలేజీలు తిరిగి తెరుచుకున్నాయి.